నాక్స్ సెన్సార్ కొనేముందు కప్లర్ విప్పి చూడండి

గోదావరి డెల్టాలో తిరిగే డీజిల్ బండికి ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో నాక్స్ సెన్సార్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని కొలిచేది) పేరు కనబడగానే చాలామంది నేరుగా కొత్త సెన్సార్ తెప్పించేస్తారు. ఖరీదైన సామాను అది. బిగించిన వారానికే మళ్ళీ అదే లైటు వెలిగితే ఆ డబ్బు వృథా. స్కానర్ కోడ్ చెప్పేది ఆ సెన్సార్ దారిలో ఎక్కడో తేడా ఉందని మాత్రమే. ఆ తేడా సెన్సార్‌లో ఉండొచ్చు, వైరులో ఉండొచ్చు, డెఫ్ (పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం) ట్యాంకులో పోసిన నీళ్ళలోనూ ఉండొచ్చు. ఉప్పుగాలి, రొయ్యల లోడు నుంచి కారే ఉప్పునీళ్ళు, కాలవ రేవులో కడగడం, వర్షాకాలం ముంపు రోడ్లు అన్నీ కలిసి మన దగ్గర ముందు వైరింగునే తింటాయి. అందుకే చివర చూడాల్సింది సెన్సార్, మొదట చూడాల్సింది దాని కప్లర్, అంటే వైరు తగిలించే ప్లగ్గు.

కావలసిన సామాను కొంచెమే: కోడ్‌లతోపాటు లైవ్ రీడింగులు చూపే స్కానర్, మల్టీమీటరు, 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి (లారీకి 24 వోల్టులది, పికప్‌కి 12ది), కాంటాక్ట్ క్లీనర్, డెఫ్ కొలిచే రిఫ్రాక్టోమీటరు. సైలెన్సర్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి.

కోడ్‌లన్నీ రాసుకోండి

దేన్నీ చెరపకుండా ముందు అన్ని కోడ్‌లూ, వాటితో వచ్చిన ఫ్రీజ్ ఫ్రేమూ కాగితం మీద రాసుకోవాలి. చెరిపేస్తే లైటు ఎప్పుడు, ఎంత వేడిలో, ఎంత లోడులో వెలిగిందో చెప్పే సాక్ష్యం పోతుంది. పీ2200 అంటే ఎస్‌సీఆర్‌కి (డెఫ్‌తో పొగలోని నాక్స్‌ని తగ్గించే పెట్టెకి) ముందుండే నాక్స్ సెన్సార్ సర్క్యూట్, పీ229ఈ అంటే దాని వెనకుండేది. యూ029డీ, యూ029ఈ వస్తే ఆ సెన్సార్లతో ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటరుకి) మాట పోయింది. లారీల్లో ఇవే ముందుదానికి 3216, వెనకదానికి 3226 నంబర్లతో వస్తాయి. పక్కన ఎఫ్ఎంఐ (ఫాల్ట్ ఏ రకమో చెప్పే అంకె) 9 ఉంటే మెసేజ్ రావట్లేదని, 3, 4, 5 ఉంటే వోల్టేజీ లేదా కరెంటు తేడా అని. ఈ రకాలన్నీ వైరింగు వైపే వేలు చూపిస్తాయి. పీ20ఈఈ ఒక్కటే వచ్చిందనుకోండి, అది ఎస్‌సీఆర్ సరిగా పనిచేయట్లేదన్న ఫిర్యాదు. అప్పుడు సెన్సార్ జోలికి పోకుండా ముందు డెఫ్ చూడాలి.

ముందు, వెనక సెన్సార్లు రెండూ ఒకేసారి చచ్చినట్టు చూపిస్తే సెన్సార్లని అనుమానించకండి. రెండూ ఒకే రోజున పోవడం అరుదు. రెండింటికీ కరెంటు ఇచ్చే ఫ్యూజు, రిలే, ఎర్తు పాయింటు చూడండి.

కప్లర్

సెన్సార్ మొన నుంచి వచ్చే వైరు ఛాసిస్ మీద బిగించిన చిన్న మాడ్యూల్ పెట్టెలోకి వెళ్తుంది. ఈ రెండూ కలిపి ఒకే సామాను, విడదీయకూడదు. పెట్టెకి వచ్చే కప్లర్ లాక్ తీసి వెలుతురులో పిన్నులు చూడండి. పచ్చగా చిలుము పట్టిందా? రబ్బరు సీలు పక్కకి నొక్కుకుపోయిందా? లోపల తడి ఉందా? చిలుము చాలాసార్లు పిన్ను మొన మీద కనబడదు, వెనక వైరు దూరేచోట ఉంటుంది. వైరుని మెల్లగా లాగి చూడండి. పిన్నుతో సహా చేతికి వచ్చేస్తే దొంగ దొరికినట్టే. ఇన్సులేషన్ ఉబ్బినచోట కొంచెం కోసి చూస్తే రాగి తీగ నల్లబడి పొడిపొడిగా రాలుతుంది. అలా ఉంటే టేపు చుట్టి వదలొద్దు. మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కోసి, కొత్త వైరు కలిపి, జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు వేయాలి. ఉత్త టేపు అయితే నరసాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే బండికి ఒక వానాకాలం కూడా ఆగదు.

చిలుము తక్కువగా ఉంటే క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఆరనిచ్చి, సీలుకి డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా రాయండి. గీకుడు కాగితం వాడితే పిన్ను పూత పోయి మరీ తొందరగా తుప్పు పడుతుంది.

ఇక కరెంటు. మల్టీమీటరు ఉత్తినే పెడితే కుళ్ళిన వైరు కూడా 24 వోల్టులు చూపిస్తుంది. సెన్సార్ లోపలి హీటరు సిరామిక్‌ని దాదాపు 800 డిగ్రీలకి వేడెక్కించాలి, దానికి బాగా కరెంటు కావాలి. అందుకే కప్లర్‌లో పవరుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి, అది వెలుగుతుండగా కొలవండి. బ్యాటరీ దగ్గరి వోల్టేజీకి అరవోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే వైరో, ఎర్తో పాడైంది. తర్వాత ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, రెండు క్యాన్ వైర్ల (సెన్సార్, ఈసీయూ మాట్లాడుకునే వైర్ల) మధ్య రెసిస్టెన్స్ చూడండి. 60 ఓములు ఉండాలి. 120 వస్తే లైను ఒక చివర తెగింది. సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ ఎక్కడో అంటుకున్నాయి. బాడీ పనికి ఎలక్ట్రిక్ వెల్డింగ్ చేయించాక మొదలైన ఫాల్ట్ అయితే మాడ్యూల్ పెట్టె కాలిపోయి ఉండొచ్చు. వెల్డింగుకి ముందు బ్యాటరీ, ఈసీయూ, నాక్స్ పెట్టెలు మూడూ విప్పించాల్సిందే.

సెన్సార్‌ని పరీక్ష పెట్టడం

కరెంటు, క్యాన్ బాగుంటే ఇప్పుడు సెన్సార్ వంతు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే రీడింగు రాదు, కంగారు పడొద్దు. సైలెన్సర్‌లో తేమ ఆరిపోయేదాకా ఈసీయూ హీటరు వెలిగించదు. తడి బొట్టు పడితే కాలుతున్న సిరామిక్ పగులుతుంది మరి. బండిని బాగా వేడెక్కించి, రోడ్డు మీద వేగం అందుకున్నాక గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి. డీజిల్ ఆగి ఉత్త గాలే పోతుంది. నాక్స్ సున్నా దగ్గరికి పడాలి, ఆక్సిజన్ దాదాపు 21 శాతానికి చేరాలి. ముందు సెన్సార్ అప్పుడు కూడా 50, 60 పీపీఎం దగ్గరే ఆగిపోతుంటే దాని పని అయిపోయింది. వెనకదాని విషయంలో మాత్రం ఒక జాగ్రత్త: నాక్స్ సెన్సార్ అమ్మోనియాని కూడా నాక్స్‌గానే లెక్కపెడుతుంది. డెఫ్ ఇంజెక్టర్ కారుతుంటే మంచి సెన్సార్ కూడా ఎక్కువ చూపిస్తుంది. ఇంజెక్టర్ చుట్టూ తెల్లటి గడ్డ ఉందేమో చూడండి; అది గోరువెచ్చని నీళ్ళతో కరుగుతుంది, స్క్రూడ్రైవరుతో పొడవకండి.

పొలం యూరియా

డెఫ్ అంటే శుద్ధమైన యూరియా 32.5 శాతం, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొలానికి తెచ్చిన బస్తా యూరియా బోరు నీళ్ళలో కలిపి పోస్తే సరిపోతుందనుకోవడం చాలా ఖరీదైన పొరపాటు. 2015 నుంచి మన వ్యవసాయ యూరియాకి వేపనూనె పూత ఉంటోంది. ఆ నూనె పంపు ఫిల్టర్‌కి పడుతుంది. బోరు నీళ్ళలో, అందులోనూ సముద్రం వైపు ఊళ్ళలో, సున్నం, ఉప్పు ఎక్కువ. అవి ఎస్‌సీఆర్ లోపలి పూతని పాడుచేస్తాయి, అది తిరిగి బాగుపడదు. పైగా సబ్సిడీ యూరియాని అలా వాడటం నేరం.

రిఫ్రాక్టోమీటరులో 31.8 నుంచి 33.2 మధ్య రావాలి. కానీ అది చిక్కదనమే చెబుతుంది, శుద్ధి చెప్పదు. పొలం యూరియాని కొలత ప్రకారం కలిపినా 32.5 చూపిస్తుంది. కాబట్టి గాజు సీసాలో కొంచెం తీసి ఊపి, నిలవనిచ్చి చూడండి. పైన నూనె తెర, వేప వాసన, అడుగున మడ్డి ఏవి కనబడినా ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, డీమినరలైజ్డ్ నీళ్ళతో కడిగి, ఫిల్టర్ మార్చాలి. డబ్బా కొన్నా తేదీ చూసి కొనండి. 35 డిగ్రీల వేడిలో నిల్వ ఉంటే దాని ఆయుష్షు సుమారు 6 నెలలే. మన వేసవిలో రేకుల షెడ్డు అందుకు తగిన చోటు కాదు. డెఫ్ ట్యాంకులో పొరపాటున డీజిల్ పడితే తాళం చెవి కూడా తిప్పకండి.

డీపీఎఫ్ ప్రెషర్ సెన్సార్

డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. పీ2452, పీ2453 వస్తే ముందు దాని నుంచి ప్రెషర్ సెన్సార్‌కి వచ్చే రెండు సన్న గొట్టాలు చూడండి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ వేస్తే రీడింగు సున్నా ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి స్పీడు పెంచినా సున్నాలోనే ఉంటే గొట్టం ఊడిందో, పగిలిందో, మసితో పూడిందో తేల్చుకోండి. గొట్టాలు సెన్సార్ నుంచి తీసేసి, ఇనుప పైపులోకి సన్న తీగ పంపి మసి తీయాలి. సెన్సార్ తగిలించి ఉండగా కంప్రెసర్ గాలి కొడితే లోపలి పొర చిరుగుతుంది. తీసేముందు ఏది ముందుదో, ఏది వెనకదో పెయింటు చుక్క పెట్టుకోండి; తారుమారైతే కొత్త ఫాల్ట్ మొదలవుతుంది. వేడి కొలిచే సెన్సార్లలో పీటీ200 రకం మామూలు ఎండలో 220 ఓముల చుట్టుపక్కల చూపిస్తుంది. అనంతం చూపిస్తే తెగినట్టే.

నాక్స్ సెన్సార్ మార్చక తప్పదని తేలితే పాత పార్టు నంబరుకి సరిగ్గా సరిపోయేదే తీసుకోండి. 12, 24 వోల్టులవి ఒకదానికొకటి పనికిరావు. 22 నంబరు పానాతో విప్పి, చేతితోనే తిప్పడం మొదలుపెట్టి, సుమారు 50 న్యూటన్ మీటర్ల బిగువుకి బిగించండి. మర మీది గ్రీజు మొనకి తగలకూడదు. కింద పడిన సెన్సార్ పైకి బాగున్నా లోపల పగిలి ఉండొచ్చు, దాన్ని వాడొద్దు. సెన్సార్ బదులు దొంగ రీడింగు పంపే పెట్టె బిగించడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. పొగ మనమూ మన పిల్లలూ పీల్చేదే.

ఇప్పుడు కోడ్‌లు చెరిపి, కొంత లోడుతో హైవే మీద ఒకే వేగంతో 30, 40 నిమిషాలు నడపాలి. రావులపాలెం నుంచి తాడేపల్లిగూడెం వైపు 16వ నంబరు రోడ్డు దీనికి బాగుంటుంది. కాలవ గట్టు మీద గేర్లు మార్చుకుంటూ తిరిగితే ఎస్‌సీఆర్ వేడెక్కదు, ఈసీయూ తన పరీక్ష పూర్తి చేయదు. డీపీఎఫ్‌లో మసి నిండి స్కానర్‌తో రీజెన్ (ఆ మసిని కాల్చేయడం) చేయించాల్సి వస్తే చోటు చూసుకోండి. ఆ సమయంలో ఫిల్టర్ లోపల 600 డిగ్రీల దాకా వేడి పుడుతుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదగానీ, కొబ్బరి పీచు కుప్ప పక్కనగానీ ఆ పని పెట్టుకోకండి. సిమెంటు నేల మీద, గాలి ఆడేచోట, పక్కన నీళ్ళ డ్రమ్ము ఉంచుకుని మొదలుపెట్టండి. పూర్తయ్యాక అరగంట దాకా సైలెన్సర్ మీద నీళ్ళు పడనివ్వొద్దు.