జిప్సం సీలింగ్ జాయింట్ మూసినచోటే మళ్లీ పగులుతుంటే

లక్షణం: రెండు బోర్డులు కలిసేచోట వెంట్రుకంత సన్నగా, తిన్నగా ఒక గీత. పుట్టీ పూసి రంగేస్తే మాయమవుతుంది, ఎండాకాలం రాగానే అక్కడే మళ్లీ విచ్చుకుంటుంది.

పుట్టీ డబ్బా తెరవకముందే గీతకు రెండువైపులా అరచేత్తో పైకి నొక్కి చూడండి. అర నిమిషం పని, అయినా దీన్నే అందరూ వదిలేస్తారు. బోర్డు కదిలిందంటే లోపం స్క్రూలది, పైన ఏం పూసినా నిలవదు. 12.5 మి.మీ. బోర్డుకు 25 మి.మీ. డ్రైవాల్ స్క్రూలు సుమారు 9 అంగుళాలకొకటి, బోర్డును పైన మోసే లోహపు పట్టీ (ఛానెల్) లోకి దిగాలి. తల బోర్డు మీది కాగితాన్ని చీల్చుకుని లోపలికి పోయిన స్క్రూకి పట్టు ఉండదు, దాని పక్కన రెండు అంగుళాల దూరంలో ఇంకోటి వేయండి.

కదలడం లేదా? గీత వెంట బ్లేడుతో గీకండి. జాయింట్ మీద అతికించే కాగితం టేపు తగలకపోతే కారణం దొరికినట్టే. టేపు ఉండి కూడా దాని కింది జాయింట్ కాంపౌండ్ (జిప్సం పొడిని నీళ్లతో కలిపిన ముద్ద) సుద్దలా రాలుతుంటే తప్పు ఆ ముద్ద కలిపిన తసలాది. ఇది ఎవరికీ తట్టదు. తసలా అంచున నిన్నటి గట్టిపడ్డ ముక్కలుంటే కొత్త జిప్సం స్ఫటికాలు వాటిని పట్టుకుని వేగంగా పెరుగుతాయి, ముద్ద గడువుకు ముందే బిగుస్తుంది. అప్పుడు మేస్త్రీ కాసిన్ని నీళ్లు చల్లి మళ్లీ కలుపుతాడు. ముద్ద మెత్తబడుతుంది గానీ, అల్లుకున్న స్ఫటికాలు అప్పటికే తెగిపోయాయి, తిరిగి అతుక్కోవు. ఉప్పు బోరు నీళ్లు కూడా బిగిసే వేగాన్ని మారుస్తాయి. పనిముట్లు కడిగిన డ్రమ్ములోంచే నీళ్లు ముంచినా ఆ ముక్కలే వస్తాయి. రంగు కింద ఏదీ కనపడదు. మే నెల మహబూబ్‌నగర్ ఎండకు పై అంతస్తు స్లాబు సాగినప్పుడు ఆ జాయింట్ ఇక ఆగలేదు.

పాత టేపు, రాలే కాంపౌండ్ పూర్తిగా గీకేసి దుమ్ము బ్రష్‌తో దులపండి. బోర్డులవి కోసిన అంచులైతే కత్తితో ఏటవాలుగా చెక్కండి. శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నల్లా నీళ్లు పోసి, సంచి మీది కొలత ప్రకారం పొడి చల్లి, రెండు నిమిషాలు నానాక కలపండి. ఒకేసారి అర కిలోకి మించొద్దు. పలచగా పూసి, కాగితం టేపును మడత గీత బోర్డు వైపు ఉండేలా పెట్టి, 6 అంగుళాల బ్లేడుతో గాలి లేకుండా నొక్కండి. అది గట్టిపడ్డాక 8, తర్వాత 12 అంగుళాల బ్లేడుతో ఇంకో రెండు పూతలు. బిగిసిన ముద్దను పారేయండి, నీళ్లు పోయొద్దు. ప్రతి కలుపుకు ముందు బకెట్, బ్లేడు గీకి కడగాలి.

పసుపు మరక ఉంటే ముందు లీకేజీ చూడాలి. ఫ్యాన్ రాడ్ బోర్డుకు తగులుతుంటే రంధ్రం అర అంగుళం పెంచండి. గోడ మూల నుంచి వాలుగా సాగే పగులు మాత్రం ఇంజనీర్ చూడాల్సింది.