మ్యూజియంలో సినిమా పాఠం – 3: తిరిగే డబ్బాలో ఎగిరే బంతి

పోయిన భాగంలో చీకటి గది చేశాం. చిన్న కన్నం గుండా బయటి దృశ్యం తలకిందులుగా గోడ మీద పడింది, పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. అయితే అక్కడ కనిపించిన కదలిక బయటి ప్రపంచానిది, మనం పుట్టించింది కాదు. ఈసారి అసలు కదలని బొమ్మల్లోంచి కదలిక తెప్పించాలి, జోట్రోప్‌తో: చుట్టూ సన్నటి చీలికలున్న గుండ్రటి డబ్బా ఇది, లోపల బొమ్మల పట్టీ పెట్టి తిప్పుతూ చీలికల్లోంచి చూస్తే బొమ్మలు కదులుతాయి. సినిమా అంతా ఈ ఒక్క పని మీదే నిలబడి ఉంది కాబట్టి, ఈ సిరీస్‌లో ఏ భాగం వదిలేసినా దీన్ని మాత్రం వదలొద్దని నా మాట.

9 నుంచి 13 ఏళ్ళ పిల్లలకి ఇది బాగా కుదురుతుంది. గంటన్నర చాలు. ఒక బ్యాచ్‌కి 24 మంది అనుకుందాం. వర్క్‌షాప్ అయ్యేసరికి ఇద్దరికొకటి చొప్పున 12 బొమ్మల పట్టీ తయారై డబ్బాలో ఆడాలి, డబ్బాకి ఆ సన్నటి చీలికలు ఎందుకున్నాయో ప్రతి పిల్లా పిల్లాడూ సొంత మాటల్లో చెప్పగలగాలి. రెండోదే ముఖ్యం.

మొదటి పావుగంట గ్యాలరీలోనే. జోట్రోప్ ఉన్న అద్దాల బీరువా ముందు అందర్నీ కూర్చోబెట్టండి. పక్కనున్న లేబుల్ చదివి వినిపించకండి. ఒకే ఒక్క ప్రశ్న వేయండి: ఈ డబ్బాకి ఇన్ని చీలికలు ఎందుకు? గాలి కోసం అంటారు, వెలుతురు రావడానికి అంటారు, తొంగి చూడ్డానికి అంటారు. అన్నీ బోర్డు మీద రాయండి, ఏదీ తప్పనకండి, ఒప్పనీ అనకండి. జవాబు చెప్పేయాలని నోటి చివరిదాకా వస్తుంది, ఆపుకోండి. గంట తర్వాత వాళ్ళే ఆ బోర్డు దగ్గరికొచ్చి కొన్నిటిని కొట్టేస్తారు.

మీ చేతిలో ఉండాల్సిన చరిత్ర కొద్దిగా చెబుతాను. 1832లో బెల్జియంలో జోసెఫ్ ప్లాటో, సరిగ్గా అదే సమయంలో ఆస్ట్రియాలో సైమన్ స్టాంఫర్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, చీలికలున్న గుండ్రటి అట్ట మీద బొమ్మలు వేసి అద్దం ముందు తిప్పి చూసే పరికరం తయారుచేశారు. దాంట్లో ఒకసారికి ఒక్కరే చూడగలరు. 1834లో విలియం జార్జ్ హార్నర్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు అదే ఆలోచనని డబ్బా రూపంలోకి మార్చాడు, దాంతో అద్దం అవసరం పోయింది, చుట్టూ నిలబడి నలుగురూ ఒకేసారి చూడొచ్చు. అది బజారుకొచ్చి ఇంటింటి బొమ్మ అయింది మాత్రం 1860లలో. ఇక్కడ పిల్లల్ని ఒక్క నిమిషం ఆపండి: ఒక్కరే చూడటానికీ, నలుగురూ కలిసి చూడటానికీ తేడా ఏంటి? ఇదే ప్రశ్న అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ వచ్చింది. ఎడిసన్ కంపెనీ కైనెటోస్కోప్ ఒక్క మనిషి వంగి చూసే పెట్టె, లూమియేర్ సోదరులు 1895 డిసెంబర్ 28న పారిస్‌లో టికెట్ పెట్టి చూపించింది గదిలో అందరూ కలిసి చూసే తెర. ఇప్పుడు ఫోన్‌లో ఒక్కళ్ళమే చూస్తున్నాం. పిల్లలు దీని మీద ఎంతసేపైనా మాట్లాడతారు, పది నిమిషాలు అదనంగా పోయినా పోనివ్వండి.

ఇక డబ్బా. దీన్ని మీరే ముందు రోజు చేసి పెట్టుకోండి. కట్టర్ పని పిల్లల చేతికి ఇవ్వద్దు, వాళ్ళ సమయమంతా బొమ్మలకే కావాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మందపాటి నల్ల అట్ట తీసుకోండి, అంటించడానికి చివర ఒక సెంటీమీటరు అదనంగా వదలండి. పై సగంలో 5 సెంటీమీటర్లకొకటి చొప్పున 12 నిలువు చీలికలు కోయాలి. ఒక్కోటి 5 సెంటీమీటర్ల ఎత్తు, 3 లేదా 4 మిల్లీమీటర్ల వెడల్పు. వెడల్పు పెరిగితే బొమ్మ అలుక్కుపోతుంది, మరీ తగ్గితే చీకటిగా కనిపిస్తుంది. గుండ్రంగా చుట్టి అంటిస్తే సుమారు 19 సెంటీమీటర్ల వ్యాసం వస్తుంది, అడుగున అదే కొలతకి అట్ట అంటించి, సులువుగా తిరిగే ఏదైనా గుండ్రటి స్టాండు మీద సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టండి. మధ్య కుదరకపోతే డబ్బా ఊగుతుంది, బొమ్మా ఊగుతుంది. 24 మందికి ఇలాంటివి నాలుగు చాలు. అట్ట తెల్లది దొరికితే బయటా లోపలా నల్ల రంగు వేసేయండి, ఎందుకంటే చీలిక పక్కనున్న గోడ మెరిస్తే కన్ను దాని మీదే నిలుస్తుంది. టేబుల్ లైటు పైనుంచి నేరుగా డబ్బాలోకి పడాలి.

మ్యూజియంలోని అసలు పరికరాన్ని ముట్టుకోనివ్వరు, అది న్యాయమే. కానీ చాలాచోట్ల తాకి ఆడుకోవడానికి నకలు ఒకటి ఉంచుతారు, ముందే అడిగి పెట్టించుకోండి.

ఇప్పుడు అసలు ప్రయోగం. మీరే వేసిన నమూనా పట్టీ ఒకటి డబ్బాలో పెట్టి, ముందు పైనుంచి చూడమనండి. తిప్పితే బూడిదరంగు చార తప్ప ఏమీ కనిపించదు. తర్వాత కిందికి వంగి చీలికల్లోంచి చూడమనండి. బంతి ఎగురుతుంది, పిల్లలు కేకలు పెడతారు. చాలామంది టీచర్లు ఇక్కడితో ఆపేసి వివరణ మొదలుపెడతారు. ఆపకండి. నల్ల టేపుతో 11 చీలికలు మూసేయండి, ఒకటో బొమ్మకి ఎదురుగా ఉన్న ఒక్కటే వదిలి డబ్బాని బాగా వేగంగా తిప్పండి. డబ్బా గిర్రున తిరుగుతూనే ఉంటుంది, బంతి మాత్రం మిణుకుమిణుకుమంటూ ఉన్నచోటే ఆగిపోతుంది! ఎందుకని వాళ్ళనే అడగండి. ఆ ఒక్క చీలిక కంటి ముందుకొచ్చిన ప్రతిసారీ ఎదురుగా ఉండేది అదే బొమ్మ కాబట్టి. ఇప్పుడు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చీలిక మీద టేపు తీయండి: బంతి పైన, కింద, పైన, కింద. ఒకటో బొమ్మా ఏడో బొమ్మా మాత్రమే మారి మారి వస్తున్నాయి. ఆరు తెరిస్తే కుదుపుతో కదులుతుంది, పన్నెండూ తెరిస్తే నున్నగా ఎగురుతుంది. టేపు తీసే పని పిల్లలదే. బోర్డు మీద రాసిన జవాబుల దగ్గరికి వాళ్ళు వెళ్ళేది ఇప్పుడే.

అప్పుడు చెప్పండి: చీలిక బొమ్మని చూపించడమే కాదు, ఒక బొమ్మ పోయి ఇంకోటి వచ్చే మధ్య సమయాన్ని దాచేస్తుంది కూడా.

ఇక్కడ ఒక విషయం మీద నాకు గట్టి పట్టుదల ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఎప్పటినుంచో ఒకే వాక్యం తిరుగుతోంది, కంటిలో బొమ్మ కాసేపు నిలిచిపోతుంది కాబట్టి కదలిక కనిపిస్తుందని. అది సగమే. కంటిలో వెలుగు కాసేపు నిలవడం వల్ల మిణుకు తగ్గుతుంది, నిజమే. కానీ బొమ్మలు నిలిచిపోవడం ఒక్కటే కారణమైతే 12 బంతులూ ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా కనిపించాలి కదా. అక్కడున్నదాన్నీ ఇక్కడున్నదాన్నీ ఒకే బంతిగా కలిపి, అది ప్రయాణించిందని తేల్చేది మెదడు. మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1912లో ప్రచురించిన ప్రయోగాల్లో పరిశీలించింది ఈ సంగతినే. పదేళ్ళ పిల్లలకి ఇంత చెప్పనక్కర్లేదు, "కన్ను బొమ్మలు చూసింది, కదలికని మెదడు కలిపింది" అంటే చాలు. తప్పు వాక్యం ఒకసారి బుర్రలో కూర్చుంటే దాన్ని తీయడం మహా కష్టం, అందుకే ఇంత చెబుతున్నాను.

బొమ్మలు వేయించడం

పట్టీకి తెల్ల కాగితం, 60 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల ఎత్తు, 12 గడులు. మీకు నచ్చింది వేసుకోండి అంటే పిల్లలు గుర్రాలూ ఫైటింగులూ మొదలుపెట్టి నాలుగో గడికే నీరసపడతారు. మొదటి పట్టీ అందరికీ బంతే. బంతి అంటే గుండ్రటి గీతే కదా, వేయడం ఎవరికైనా వస్తుంది, కాబట్టి ధ్యాసంతా ఎక్కడ వేయాలన్న దాని మీద ఉంటుంది.

ఒకటో గడిలో బంతి పైన, ఏడో గడిలో నేల మీద. ఈ రెండూ ముందు వేయించండి, మధ్యవి తర్వాత. రెండింటి మధ్య దూరం 36 మిల్లీమీటర్లు పెట్టుకోమనండి. మధ్య దూరాన్ని సమానంగా పంచి, గడికి 6 మిల్లీమీటర్ల చొప్పున దించితే బంతి లిఫ్టులో దిగినట్టు దిగుతుంది. ఒక జంట చేత అలాగే వేయించండి, పోల్చడానికి పనికొస్తుంది. మిగతావాళ్ళకి ఈ అంకెలివ్వండి: పై నుంచి రెండో గడిలో 1 మిల్లీమీటరు కిందికి, తర్వాత 4, 9, 16, 25, ఏడో గడికి 36. ఎక్కడో చూసిన అంకెల్లా ఉన్నాయే అని ఎవరో ఒకరు గుర్తుపడతారు. వర్గసంఖ్యలు! పడే వస్తువు దూరం కాలవర్గాన్ని బట్టి పెరుగుతుందని ఫిజిక్స్ క్లాసులో చెబితే తలూపే పిల్లలు, ఇక్కడ స్కేలు పట్టుకుని కొలిచి వేసి, డబ్బాలో తిప్పి, బరువున్న బంతి పడటం కళ్ళారా చూస్తారు. ఎనిమిదో గడి నుంచి అవే అంకెలు వెనక్కి: 25, 16, 9, 4, 1. పన్నెండో బొమ్మ తర్వాత మళ్ళీ ఒకటో బొమ్మే వస్తుంది కాబట్టి ఎక్కడా తెగదు. ఏడో గడిలో మాత్రం బంతిని కాస్త నొక్కినట్టు వేయమనండి, ఆ ఒక్క గీత తేడాతో రబ్బరు బంతి అయిపోతుంది.

డబ్బాలో పెట్టాక ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, నేను గుండ్రంగా వేస్తే కోడిగుడ్డులా సన్నగా కనిపిస్తోందేంటని. అడక్కపోతే మీరే అడగండి. దగ్గరున్న చీలిక ఒకవైపు వెళ్తుంటే ఎదుటి గోడ మీది బొమ్మ దానికి వ్యతిరేక దిశలో వెళ్తుంది, అందుకే అడ్డంగా నొక్కుకుపోయి కనిపిస్తుంది. రెండో పట్టీలో బంతిని అడ్డంగా సాగదీసి వేయమంటే అది గుండ్రంగా ఎగురుతుంది.

రెండో పట్టీకి మొలకెత్తే విత్తనం మంచిది. బంతిని ఎటు తిప్పినా ఒకేలా ఎగురుతుంది. మొలక పట్టీని వెనక్కి తిప్పితే మొక్క విత్తనంలోకి వెళ్ళిపోతుంది. చురుగ్గా ఉన్న జంటకి ఇంకో పని: అదే 60 సెంటీమీటర్లలో 12కి బదులు 13 గడులు గీసి, అన్నిటిలో బొమ్మ ఒకే ఎత్తులో వేయమనండి. చీలికలు 12, బొమ్మలు 13 కావడంతో బొమ్మలన్నీ డబ్బా తిరిగే వైపుకే మెల్లగా జరుగుతూ పోతాయి. 11 వేస్తే ఎదురు దిక్కున. దీనికి వివరణ మీరు చెప్పకండి, కాగితం మీద లెక్క వేసుకోనివ్వండి.

చివరి పావుగంట మళ్ళీ గ్యాలరీలోకి, ఈసారి ప్రొజెక్టర్ దగ్గరికి. 35 ఎంఎం ఫిల్ము ముక్క ఒకటి లైటు ముందు పెట్టి పక్కపక్కనున్న రెండు ఫ్రేముల్లో తేడా వెతకమనండి, పిల్లలు ముక్కు ఆనించి మరీ వెతుకుతారు. సెకనుకి 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1,440, పొడవు సుమారు 27 మీటర్లు. ఆ పొడవు తాడు తెచ్చి కారిడార్‌లో పరిపించండి, ఒక్క నిమిషం సినిమా వెంట నడిపించండి. ప్రొజెక్టర్‌లో ఫిల్ము ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి జరిగేటప్పుడు వెలుగుని మూసే రెక్క ఉంటుంది, దాన్ని షట్టర్ అంటారు. ఫ్రేము కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా అది మరోసారి మూస్తుంది, అలా ఒక్కో ఫ్రేమునీ రెండుసార్లు వెలిగిస్తే సెకనుకి 48 వెలుగులు, మిణుకు తెలియదు. అది చూపించి, మన డబ్బాలో ఈ పని చేసింది ఏదని అడగండి.

సమయం మిగిలితే ఎమిల్ రేనో గురించి ఒక మాట. 1877లో ఆయన చీలికలు తీసేసి డబ్బా మధ్యలో అద్దాలు పెట్టాడు, దాంతో బొమ్మ కాంతిమంతంగా కనిపించింది. చేత్తో రంగులు వేసిన బొమ్మల్ని 1892 నుంచి తెర మీద వేసి జనానికి చూపించాడు, లూమియేర్లకి మూడేళ్ళ ముందు. ఆ ప్రదర్శనలు జరిగింది పారిస్‌లోని గ్రెవాన్ మైనపు బొమ్మల మ్యూజియంలో. మ్యూజియంలో సినిమా పాఠమేంటని ఎవరైనా అడిగితే పిల్లలే ఈ సంగతి చెబుతారు.

ఈ పట్టీలు పారేయకండి. వెనకవైపు పేర్లు రాయించి, మడత పడకుండా చుట్టి ఒక డబ్బాలో దాచండి. వచ్చే భాగంలో వీటికి శబ్దం వేస్తాం, అందుకు ఇంట్లో పారేసే వస్తువుల్లో చప్పుడు చేసేది ఒకటి తెచ్చుకోమనండి. బంతి నేలని తాకే గడి నెంబరు పట్టీ అంచున పెన్సిల్‌తో రాయించండి, చప్పుడు ఆ గడి దగ్గరే పడాలి.