వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్, వాలొట్టి: కీబోర్డు శ్రుతి పద్ధతులను పోల్చి వినడం ఎలా?

పన్నెండు శుద్ధ పంచమాలను (3:2 నిష్పత్తిలో ఉన్నవి) వరసగా పేర్చుకుంటూ వెళ్తే ఏడు స్థాయిల పైన మొదటి స్వరానికే చేరాలి. చేరం. 23.5 సెంట్లు ఎక్కువ వస్తుంది (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). ఈ మిగులే పైథాగరస్ కామా. నేటి సమ విభజన (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే పద్ధతి) దాన్ని పన్నెండు పంచమాలకూ సమానంగా పంచేస్తుంది. అందుకే ప్రతి అంతర గాంధారమూ 400 సెంట్లు. శుద్ధంగా పలికే అంతర గాంధారం 386.3 మాత్రమే. పాత పద్ధతులు ఆ భారాన్ని కొన్ని పంచమాల మీదే వేస్తాయి:

- వెర్క్‌మైస్టర్ 3 (1691): సి–జి, జి–డి, డి–ఎ, బి–ఎఫ్# ఒక్కొక్కటి శుద్ధ పంచమం కన్నా 5.9 సెంట్లు తక్కువ.
- కిర్న్‌బెర్గర్ 3: సి నుంచి ఇ దాకా (సి–జి–డి–ఎ–ఇ) నాలుగు పంచమాలు 5.4 చొప్పున తక్కువ. మిగిలిన 2 సెంట్లు ఎఫ్#–సి# మీద.
- వాలొట్టి: ఎఫ్ నుంచి బి దాకా (ఎఫ్–సి–జి–డి–ఎ–ఇ–బి) ఆరు పంచమాలు 3.9 చొప్పున తక్కువ.

1. విలువలు ఎక్కించండి. ఒక్కో స్వరాన్ని విడిగా సవరించే వీలున్న డిజిటల్ కీబోర్డు చాలు. ఎ స్వరం సున్నాగా, సమ విభజన నుంచి తేడా సెంట్లలో, సి, సి#, డి… బి వరసలో:

వెర్క్‌మైస్టర్: 11.7, 2, 3.9, 5.9, 2, 9.8, 0, 7.8, 3.9, 0, 7.8, 3.9
కిర్న్‌బెర్గర్: 10.3, 0.5, 3.4, 4.4, −3.4, 8.3, 0.5, 6.8, 2.4, 0, 6.4, −1.5
వాలొట్టి: 5.9, 0, 2, 3.9, −2, 7.8, −2, 3.9, 2, 0, 5.9, −3.9

దశాంశాలు తీసుకోని కీబోర్డయితే దగ్గరి పూర్ణాంకానికి సవరించండి.

2. ధ్వని ఎంచుకోండి. పియానో ధ్వని వద్దు. త్వరగా ఆరిపోతుంది, విస్పందనాలు (స్వరాలు సరిగ్గా కలవనప్పుడు ధ్వని పెరుగుతూ తగ్గుతూ వచ్చే అలలు) వినబడవు. ఆర్గన్ ధ్వని పెట్టి రివర్బ్, కోరస్ ఆపేయండి.

3. గాంధారాలు వినండి. పంచమాల తేడా చెవికి అంతగా తెలియదు, గాంధారాల తేడా వెంటనే తెలుస్తుంది. సి–ఇ కలిపి నొక్కండి: కిర్న్‌బెర్గర్‌లో 386.3, అల లేకుండా నిలుస్తుంది. వెర్క్‌మైస్టర్‌లో 390.2, వాలొట్టిలో 392.2. తర్వాత సి#–ఎఫ్ నొక్కండి, మూడింటిలోనూ 407.8, గరగరమంటుంది. అసలు తేడా ఈ రెండు కొసల మధ్య ఉంది. జి–బి వాలొట్టిలో 392.2, వెర్క్‌మైస్టర్‌లో 396.1. బి–డి# దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది: వాలొట్టిలో 407.8, వెర్క్‌మైస్టర్‌లో 402. బి–ఎఫ్# పంచమాన్ని తగ్గించిన ఫలితం అది.

4. పొరపాటు పట్టుకోండి. సి మేజర్ కరుకుగా, సి# మేజర్ తియ్యగా వినిపిస్తే ప్లస్, మైనస్ గుర్తులు తారుమారయ్యాయి. కీబోర్డులోనే సిద్ధంగా ఉన్న పద్ధతిని ఎంచుకున్నప్పుడు ఆధార స్వరం సి కాకుండా వేరేది ఉంటే మొత్తం అమరిక పక్కకు జరిగిపోతుంది. కొన్ని పట్టికలు ఎ బదులు సి ని సున్నాగా తీసుకుంటాయి, రెండింటినీ కలపకండి.

హార్ప్సికార్డ్‌ను (తీగలను మీటే పాత కీబోర్డు వాద్యం) చెవితో శ్రుతి చేసేవారికి: వాలొట్టితో మొదలుపెట్టండి, మూడింటిలో సులువైనది అదే. ఎ 440 హెర్ట్జ్ అయితే, మధ్య సి పైనున్న డి–ఎ పంచమంలో సెకనుకు 2 విస్పందనాలు, మధ్య సి–జి లో 1.8, దాని కింది జి–డి లో 1.3 రావాలి. ముందు శుద్ధంగా కలిపి, తర్వాత పై స్వరాన్ని దించండి, లేదా కింది స్వరాన్ని పెంచండి. ఎక్కువైన పంచమం కూడా అచ్చం అలాగే కొట్టుకుంటుంది, మోసపోతారు. అనుమానం వస్తే పై స్వరాన్ని ఇంకాస్త దించి చూడండి: విస్పందనాలు వేగం పుంజుకుంటే మీరు సరైన వైపే ఉన్నారు. ఎఫ్ నుంచి బి దాకా అయ్యాక, బి నుంచి శుద్ధ పంచమాలతో బి♭ వరకు వెళ్లండి. చివరి బి♭–ఎఫ్ ను ముట్టుకోకుండా వినండి. అది కూడా శుద్ధంగా ఉంటే లెక్క కుదిరింది. అల వినిపిస్తే తప్పు ఎక్కువసార్లు మొదటి ఆరు పంచమాల్లోనే దొరుకుతుంది.