పలాస జీడిపప్పు వ్యాపారులూ, సొంత వీడియో మీటింగ్ సర్వర్ పెట్టే ముందు

సీజన్ మొదలైతే బయటి ఊళ్ల పార్టీలతో రోజూ వీడియో కాల్సే. ముందే ఇవి చూసుకోండి.

జిట్సీ (సొంత సర్వర్‌లో పెట్టుకునే ఉచిత వీడియో మీటింగ్ సాఫ్ట్‌వేర్) పెట్టగానే లాగిన్ తప్పనిసరి చేయండి. లేకపోతే అడ్రస్ తెలిసిన ఎవరైనా మీ సర్వర్‌లో మీటింగ్ తెరవొచ్చు. రూమ్‌కి ‘రేటు’ లాంటి తేలికైన పేరు పెట్టకండి, పాస్‌వర్డ్ వేయండి. మీరు చెప్పే కిలో ధర పోటీ వ్యాపారి చెవిన పడితే ఆ బేరం పోయినట్టే.

జిట్సీ సర్వర్‌లో యూడీపీ 10000 పోర్టు (బొమ్మా మాటా వెళ్లే దారి) తెరవండి. తెరవకపోతే ఇద్దరు మాట్లాడినంతసేపు బాగానే ఉంటుంది, మూడో మనిషి చేరగానే బొమ్మా మాటా ఆగిపోతాయి. నాకు ఒక పూటంతా దీనికే పోయింది.

జిట్సీ లాంటిదే మరో సాఫ్ట్‌వేర్ బిగ్‌బ్లూబటన్ అయితే 16 జీబీ ర్యామ్ కావాలి, పాత ఆఫీసు కంప్యూటర్ చాలదు.

అప్‌లోడ్ స్పీడ్ చూడండి, సర్వర్ పంపేదంతా దాని మీదే.

సాఫ్ట్‌వేరే ఉచితం, సర్వర్ అద్దెకు తీసుకుంటే నెలనెలా కట్టాలి.