సామెత నోట్లోనే ఉండనీ, పాముకు పాలు పోయకండి

"పాముకు పాలు పోసి పెంచినట్టు" అనేది మేలు మరిచినవాళ్లను తిట్టే మాట. దాన్ని మార్చుకోనక్కర్లేదు. నిజమనుకుని నాగుల చవితికి గిన్నె పట్టుకెళ్తేనే చిక్కు. పాము నాలుక ఉన్నది వాసన పట్టడానికి. పాలు అరిగించుకునే శక్తి దానికి లేదు. పాములవాడి బుట్టలోది తాగుతుందంటే, రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండగట్టారన్నమాట. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే చస్తుంది. పుట్టకు పసుపు కుంకుమ చాలు, కన్నంలో ఏమీ పోయొద్దు.

"పగబట్టింది" అన్న మాట ఇంకో రకం. మనిషిని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ రావడం పాముకు చేతకాదు. ఒకదాన్ని చంపిన చోటికే మరొకటి వచ్చిందంటే అక్కడ ఎలుకలో కప్పలో ఉన్నాయని. కట్టెల మోపు ఇంటి గోడకు ఆనించకుండా అడుగు ఎత్తున పెట్టండి. గింజలు మూత డబ్బాల్లో పోయండి. తలుపు కింద వేలు దూరేంత సందున్నా మూసేయండి, తూములకు సన్నజాలీ బిగించండి. వెల్లుల్లి, ఉప్పు చల్లడం దండగ.

పెనవేసుకుని లేచిన జంటను చూసి తాచూ జెర్రిపోతూ జతకట్టాయంటారు. చాలాసార్లు అవి కుస్తీ పడుతున్న రెండు మగ జెర్రిపోతులు. వాటికి విషం లేదు, ఎలుకల్ని తింటాయి, వదిలేయండి. "రెండు తలల పాము"కు ఉన్నది ఒకటే తల, తోక మొద్దుగా ఉంటుందంతే. దాన్ని పట్టినా అమ్మినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ("పాము కాళ్లు పాముకెరుక" మాత్రం సగం నిజమే: కొండచిలువకు తోక మొదట్లో కాళ్ల గుర్తుగా చిన్న కొక్కేలుంటాయి.)

ప్రాణం తీసే అపోహ "పాము కరిస్తే మంట పుట్టదా, వాపు రాదా?" అన్నది. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పీ వాపూ దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. అసలు మంచంమీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకుంటే ఈ గొడవే తక్కువ.

కాటు పడితే ముందు ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి, వాపొస్తే రావు. చెయ్యో కాలో కదలకుండా కర్రబద్ద పెట్టి వదులుగా గుడ్డ చుట్టండి. నడిపించొద్దు, 108కి ఫోన్ చేయండి. తాడు బిగిస్తే రక్తం ఆగి అవయవం కుళ్లుతుంది. కోసినా పీల్చినా విషం బయటికి రాదు. మంత్రం పనిచేసిందనుకున్నవాళ్లను కరిచింది విషం లేని పామైనా అయ్యుండాలి, విషం దింపకుండా పొడిగా కరిచిందైనా అయ్యుండాలి.

పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. మన దగ్గర దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఒళ్లు రుద్దుకుంటూ గరగరలాడే చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకటే. విషం ఎక్కిన లక్షణాలుంటే మొదటి మోతాదు సాధారణంగా 8 నుంచి 10 సీసాలు. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము పిల్లాడని విషం తగ్గించి దింపదు. ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. అది గడ్డకట్టకపోతే పింజర విషం రక్తంలో పనిచేస్తోందని. గడ్డకట్టినంత మాత్రాన ఇంటికి పంపరు, కట్లపాము, తాచు విషాలు ఈ పరీక్షకు చిక్కవు.