పాత కూపేకు కొత్త టైర్లు: నా అనుభవం

వాన పడితే చాలు, నా పాత కూపే (రెండు తలుపుల కారు) వెనక భాగం మలుపుల్లో పక్కకు జారేది. ట్రెడ్ (టైరు మీది గాడులు) చూస్తే లోతుగానే ఉంది. టైరు పక్కన ఉండే డాట్ కోడ్ (తయారీ గుర్తు) చివరి నాలుగంకెలు చదివాక అసలు సంగతి బయటపడింది: 2314. అంటే 2014లో 23వ వారం తయారీ. గోరుతో నొక్కితే రబ్బరు కాస్తయినా లొంగలేదు. గాడుల అడుగున సన్నని పగుళ్లు. తక్కువగా తిరిగే కారుకు టైర్లు అరిగేలోపే ముదిరిపోతాయి.

చిక్కల్లా సైజుతోనే వచ్చింది. కారుతో వచ్చిన సైజు 225/50 ఆర్16. అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 50 శాతం, చక్రం 16 అంగుళాలు. ఆ సైజులో మామూలు టైర్లే తప్ప మంచి పట్టున్నవి దాదాపు దొరకలేదు. 17 అంగుళాల చక్రాలతో 225/45కు మారితే ఎలా ఉంటుందని లెక్క వేశాను. పాత వ్యాసం 631 మిల్లీమీటర్లు, కొత్తది 634. స్పీడోమీటరులో తేడా అర శాతం లోపే.

"ఇంకాస్త వెడల్పువి వేయించండి, చూడటానికి బాగుంటాయి" అని దుకాణదారు ఒకటే పోరు. చూసుకుని మురవడానికా టైర్లు? వెడల్పు పెరిగితే ఫెండరుకు (చక్రం పైనుండే రేకుకు) రాసుకునే ప్రమాదం ఉంది, నిలిచిన నీటి మీద తేలిపోయే గుణమూ పెరుగుతుంది.

పాతవాటి లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే అంకె) 92, అంటే టైరుకు 630 కిలోలు. అంతకు తగ్గకూడదు కాబట్టి 91 ఉన్నవాటిని పక్కనపెట్టి 94 తీసుకున్నాను. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పడితే వేసవి టైర్ల రబ్బరు బిగుసుకుంటుంది. అంత చలిలో ఈ కారు బయటికి తీయను గనుక వేసవి టైర్లనే ఎంచుకున్నాను.

నాలుగూ ఒకేసారి మార్పించి, చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. జారడం పోయింది. గతుకులు మాత్రం మునుపటికన్నా బాగా తెలుస్తున్నాయి.