తొమ్మిదో ఎక్కం ఇంట్లోనే వదిలి వెళ్లండి: ఓస్లో వారాంతానికి దంపతుల జాగ్రత్తలు

శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగి వచ్చేలా నార్వే రాజధాని ఓస్లోకు వెళ్లాలనుకునే దంపతులు, ముఖ్యంగా జర్మనీ వంటి దేశాల్లో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగువారు, విమానం టికెట్టు చవకగా దొరికిందన్న సంతోషంలో ఆ టికెట్టు మొత్తం ఖర్చులో అతి చిన్న భాగమన్న సంగతిని మరచిపోతుంటారు. ఆ ఊళ్లో కళ్లతో చూసేవాటిలో చాలా వరకు ఉచితమే. కూర్చోవడానికి, తినడానికి, తాగడానికి, తలదాచుకోవడానికి మాత్రమే డబ్బు కావాలి, అదీ బాగానే కావాలి. అందువల్ల కింద చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఆకలి గురించే ఉన్నాయంటే ఆశ్చర్యపోకండి. బెర్లిన్‌లో ఉంటున్న మేమిద్దరం రెండుసార్లు ఓస్లో వెళ్లాము. మొదటిసారి వెళ్లినప్పుడు మా మధ్య వచ్చిన ప్రతి తగవూ కడుపు ఖాళీగా ఉన్న వేళల్లోనే వచ్చింది.

అన్నిటికన్నా ముందు లెక్కల విషయం తేల్చుకోవాలి. ఒక నార్వే క్రోన్ మన రూపాయల్లో సుమారు తొమ్మిది. ఒక యూరోకు పదకొండు, పన్నెండు క్రోన్‌లు వస్తాయి. మావారు యూరోల్లో జీతం అందుకోవడం మొదలై ఏడేళ్లయినా, ధర కనబడగానే దాన్ని రూపాయల్లోకి, ఆ రూపాయలను గుంటూరు రైతుబజారు కందిపప్పులోకి మార్చే అలవాటును మానలేదు. రెండు కాఫీలకు, దాల్చినచెక్క వేసిన ఒక బన్నుకు కలిపి నూట యాభై పైచిలుకు క్రోన్‌లు చెల్లించిన క్షణంలో ఆయన కప్పు కింద పెట్టి, "మనం ఇప్పుడు పది కిలోల కందిపప్పు తాగేశాం" అన్నారు. ఆ మాట విన్న తరువాత ఎంత మంచి కాఫీ అయినా గొంతు దిగదు. కనుక బయలుదేరక ముందే ఇద్దరూ కూర్చుని ఈ రెండు రోజులకు ఇంత అని ఒక మొత్తాన్ని క్రోన్‌లలోనే నిర్ణయించుకుని, అది పోయిన డబ్బేనని మనసులో రాసుకోవాలి. విమానం దిగిన తరువాత తొమ్మిదో ఎక్కాన్ని పైకి చదవకూడదన్న షరతు కూడా అప్పుడే పెట్టుకోవాలి. మనసులో చదువుకోవడాన్ని ఎవరూ ఆపలేరు, పెదవులు కదలకుండా చూసుకుంటే చాలు.

పత్రాల విషయంలో నార్వేకు ఒక మెలిక ఉంది. అది ఒకే వీసాతో పలు దేశాలు తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఉన్న దేశమే కాని ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాదు. జర్మనీ నివాస అనుమతి ఉన్నవారికి వేరే వీసా అవసరం లేకపోయినా, పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు రెండూ వెంట ఉండాలి. మొబైల్ ఫోను అదనపు రుసుము లేకుండా పనిచేస్తుంది కనుక అన్నీ అలాగే పనిచేస్తాయని అనుకోవద్దు. జర్మన్ ఆరోగ్య బీమా కార్డు వెనుక వైపున ముద్రించి ఉండే ఐరోపా ఆరోగ్య కార్డు భారత పౌరులకు నార్వేలో సాధారణంగా వర్తించదు. కొద్ది యూరోలతో దొరికే ప్రయాణ బీమా తీసుకోవడం ఒక్కటే దీనికి మార్గం. నగదు దాదాపు అక్కరలేదు; ఐస్‌క్రీము బండి దగ్గర కూడా కార్డే నడుస్తుంది. అయితే కార్డు పెట్టినప్పుడు యంత్రం "యూరోలలోనా, క్రోన్‌లలోనా" అని మర్యాదగా అడిగితే క్రోన్‌లే ఎంచుకోవాలి. యూరోలు అన్నారంటే ఆ యంత్రం తనకు నచ్చిన మారకపు రేటు వేసుకుంటుంది. భోజనశాలల్లో కొన్నిచోట్ల బిల్లు మొత్తాన్ని మనచేతనే యంత్రంలో నొక్కిస్తారు. టిప్పు ఇవ్వదలచినవారు కలిపి నొక్కడానికే ఆ ఏర్పాటు, ఇవ్వకపోయినా తప్పు పట్టేవారు లేరు. కళ్లద్దాలు పెట్టుకుని నొక్కండి, ఒక సున్నా ఎక్కువైతే ప్రయాణం అక్కడికే పరిసమాప్తం.

విమానం టికెట్టు కొనేటప్పుడు ఓస్లో అనే పేరును నమ్మి ఊరుకోకుండా దాని పక్కన ఏముందో చదవాలి. అసలు విమానాశ్రయం గార్డర్‌మూన్ నగరానికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటే, చవక విమానాలు కొన్ని దిగే టోర్ప్ నగరానికి దక్షిణాన నూటపది కిలోమీటర్ల అవతల, సాండెఫ్యోర్డ్ అనే పట్టణం దగ్గర ఉంది. అక్కడి నుంచి ఇద్దరికీ బస్సు ఛార్జీలు, పోయే రెండు గంటలు కలుపుకుంటే చవక కాస్తా ఎగిరిపోతుంది. గార్డర్‌మూన్‌లో దిగినవారిని సూచిక బోర్డులు ఫ్లీటోగె అనే వేగపు రైలు వైపు నడిపిస్తాయి. అదే స్టేషన్‌లో మామూలు ప్రాంతీయ రైలు కూడా ఆగుతుంది. దాని టికెట్టు దాదాపు సగం ధరకే వస్తుంది, ప్రయాణంలో తేడా కొద్ది నిమిషాలే. నగరంలో మెట్రోకు, ట్రాముకు, బస్సుకు, పడవకు ఒకే టికెట్టు. మెట్రోలో అడ్డుగేట్లు కనబడవు కనుక ఎవరూ చూడరన్న ఆలోచన రావచ్చు. తనిఖీ అధికారులు మామూలు దుస్తుల్లో కూడా తిరుగుతారు, జరిమానా ఎంతో తెలిశాక తొమ్మిదో ఎక్కం పనికిరాదు, కాలిక్యులేటర్ కావలసి వస్తుంది.

ఇక తిండి. హోటల్ గదిని ఎంచుకునేటప్పుడు అందమైన కిటికీ కన్నా ఉదయపు ఉపాహారం ధరలో కలిసి ఉందా లేదా అన్నది ముఖ్యం. రొట్టెలు, గుడ్లు, జున్ను, చేపలు, పండ్లు, గంజి బారులు తీరి ఉండే ఆ బల్లల దగ్గర మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి వేయనంతగా తినవచ్చు. గదిలో నీళ్లు కాచుకునే కెటిల్ ఉందేమో ముందుగానే అడగండి. మనం దాన్ని హోటల్ గదికి పుట్టుకతో వచ్చే హక్కుగా భావిస్తాము కాని ఉత్తర ఐరోపా హోటళ్లలో చాలాచోట్ల అది ఉండదు. ఉపాహారం బల్ల మీది రొట్టెలను చేతిరుమాలులో చుట్టి సంచిలోకి జార్చే విద్యను మాత్రం ప్రదర్శించవద్దు. కొన్ని హోటళ్లలో చిన్న రుసుము తీసుకుని పొట్లం కట్టుకోనిస్తారు. అడిగి కట్టుకుంటే తల వంచుకునే పని ఉండదు.

పొట్లం అన్న మాట వచ్చింది కనుక ఒక ధైర్యవచనం చెప్పాలి. ఇంటి నుంచి తిండి మోసుకెళ్లి పార్కు బల్ల మీద కూర్చుని తింటే నలుగురూ ఏమనుకుంటారో అన్న సంకోచం మనవారిలో చాలామందికి ఉంటుంది. ఓస్లోలో ఏమీ అనుకోరు, ఎందుకంటే వాళ్లూ అదే చేస్తారు. బడిపిల్లల నుంచి పెద్ద ఉద్యోగుల దాకా రొట్టెముక్కల మధ్య పలుచని కాగితం పెట్టి కట్టుకుని వెళ్లే పొట్లాన్ని వాళ్లు మాట్‌పాకె అంటారు. 1930లలో ఓస్లో బడుల్లో పిల్లలకు వండని ఆహారాన్ని ఉచితంగా పెట్టే పద్ధతి పేరు పొందింది. ఆ రొట్టె, పాలు, పండ్ల అలవాటు నేటికీ వాళ్ల మధ్యాహ్న భోజనంలో కనబడుతుంది. మన చద్దిమూటకు అది దూరపు చుట్టం. అందుచేత పులిహోర నిస్సంకోచంగా పట్టుకెళ్లండి, రెండో రోజుకు దాని రుచి పెరుగుతుందని వేరే చెప్పనక్కరలేదు. చేతిసంచి మాత్రమే తీసుకెళ్లేవారు పెరుగును, నూనె తేలే ఆవకాయను విమానాశ్రయ తనిఖీలో ద్రవపదార్థాలుగానే లెక్కిస్తారని, నూరు మిల్లీలీటర్లు దాటితే చాలా విమానాశ్రయాల్లో అవి చెత్తబుట్టకు అర్పణమవుతాయని గుర్తుంచుకోవాలి. బంగాళాదుంపలను ప్రయాణికులు నార్వేలోకి తీసుకెళ్లడం నిషేధం. వారాంతానికి ఎవరైనా బంగాళాదుంపలు మోసుకెళ్తారా అని నవ్వవచ్చు. "పచ్చి దుంపలు రెండు పడేస్తే బరువేముంది" అన్నవారి పెట్టెలోంచి నేనే స్వయంగా వాటిని బయటికి తీశాను.

శనివారం రాత్రి ఒక్కపూట మంచి భోజనశాలలో తినండి, ఆ పూటకు బిల్లు చూడకండి. ఇద్దరికీ వైన్ గ్లాసులతో కలిపి వెయ్యి క్రోన్‌లు దాటడం అక్కడ వింత కాదు. మిగతా పూటలకు కివి, రేమా 1000 వంటి కిరాణా దుకాణాలున్నాయి; మసాలా, పప్పు, పచ్చిమిరపకాయ కళ్లబడితేనే ప్రాణం లేచివచ్చేవారికి సెంట్రల్ స్టేషన్ దగ్గరి గ్రూన్‌లాండ్ పేటలో పాకిస్తానీ కుటుంబాల దుకాణాలున్నాయి. మంచినీళ్ల సీసా కొనడం మాత్రం నేరంతో సమానం. కుళాయి నీళ్లు నిక్షేపంగా ఉంటాయి, భోజనశాలలో కూడా అవే అడగవచ్చు. ఏదైనా పానీయం సీసా కొన్నా దాన్ని పారేయవద్దు. సీసాకు కొద్ది క్రోన్‌ల ధరావతు ధరలోనే కలిసి ఉంటుంది, ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తుంది. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి మావారి చూపు కొండలు, సముద్రం వదిలి బెంచీల కింద తిరగడం మొదలుపెట్టింది. ఎదుటివారి సీసాలు ఏరకూడదన్నది కూడా మా ఒప్పందంలో తరువాత చేర్చిన షరతు.

అసలు గండం ఆదివారం. ఆ రోజు నార్వేలో మామూలు దుకాణాలు మూసి ఉంటాయి. నూరు చదరపు మీటర్లు మించని చిన్న కిరాణాలకు, పెట్రోలు బంకులకు, స్టేషన్లలోని కొన్ని దుకాణాలకు మాత్రమే మినహాయింపు ఉంది. ఆ చిన్న కొట్లను అక్కడివారు ఒక రాజకీయ నాయకురాలి ఇంటిపేరు మీద బ్రుస్టాడ్ కొట్లు అని పిలుస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి తెలియక, శనివారం రాత్రి ఎదుటనే కళకళలాడుతున్న దుకాణాన్ని చూసి "రేపు పొద్దున కొనుక్కుందాంలే" అన్నది నేనే. మరునాడు మూసిన తలుపు ముందు నిలబడిన మావారు ఏమీ అనలేదు; ఆ ఏమీ అనకపోవడం బెర్లిన్ చేరేదాకా సాగింది. కనుక ఆదివారానికి కావలసిన రొట్టె, పండ్లు, పెరుగు శనివారం సాయంత్రమే గదికి చేర్చుకోండి. బీరు కూడా కిరాణాల్లో శనివారం సాయంత్రం ఆరింటితో ఆగిపోతుంది. వైను, అంతకన్నా ఘాటైనవి విన్‌మోనోపోలె అనే ప్రభుత్వ దుకాణాల్లోనే అమ్ముతారు, అవి శనివారం ఇంకా త్వరగా మూసి సోమవారం దాకా తెరుచుకోవు. గార్డర్‌మూన్‌లో దిగగానే నార్వేవాళ్లంతా సామాను కన్నా ముందు సుంకం లేని దుకాణం వైపు ఎందుకు పరుగెత్తుతారో అప్పుడు అర్థమవుతుంది.

చూసేవాటి విషయంలో ఓస్లో దయగల ఊరు. వీగెలాండ్ పార్కుకు ప్రవేశ రుసుమూ లేదు, మూసే వేళా లేదు. గుస్తావ్ వీగెలాండ్ చెక్కిన, పోతపోయించిన రెండు వందలకు పైగా శిల్పాలు అందులో ఉన్నాయి. ఒకే రాతి నుంచి మలచిన మధ్య స్తంభంలో నూట ఇరవై ఒక్క మానవాకృతులు ఒకదానినొకటి తోసుకుంటూ పైకి పాకుతుంటాయి, దసరా సెలవుల ముందు రోజు బస్టాండే గుర్తుకు వస్తుంది. వంతెన మీద అలిగి కాలు నేలకేసి కొడుతున్న బుడతడి కంచు విగ్రహం ఉంది. భార్యాభర్తలు ఎవరి పోలికో తేల్చుకోవడానికి అక్కడ ప్రయత్నించవద్దు. సముద్రయానం కావాలంటే వందల క్రోన్‌ల విహార నౌక అవసరం లేదు. నగర టికెట్టుతోనే రేవు నుంచి హొవెదోయా దీవికి పడవ వెళ్తుంది, అక్కడ 1147లో స్థాపించిన సన్యాసుల మఠం శిథిలాలున్నాయి, గడ్డి మీద పొట్లం విప్పుకోవచ్చు. చిత్రకారుడు మూంక్ 1893లో వేసిన "కేక" జాతీయ మ్యూజియంలో ఉంది. దాని ఇతర రూపాలు 2021లో తెరిచిన కొత్త మూంక్ మ్యూజియంలో వంతులవారీగా దర్శనమిస్తాయి. రెండింటికీ టికెట్లు కొనడం దండగ, ఏదో ఒకటి ఎంచుకోండి. పాతకాలపు నార్వే సముద్రయోధులైన వైకింగ్‌ల ఓడల కోసం నగరం అంచున ఉన్న బిగ్దోయ్ దాకా వెళ్లాలనుకునేవారు మాత్రం తెరిచి ఉందో లేదో తప్పక చూసుకోవాలి, ఆ మ్యూజియాన్ని విస్తరణ పనుల కోసం మూసివేశారు.

2008లో తెరిచిన ఒపెరా భవనపు కప్పు తెల్లని పాలరాతితో నీటి అంచు నుంచి వాలుగా పైకి లేస్తుంది, దాని మీద ఎవరైనా నడవవచ్చు. వాన పడినా, మంచు పేరినా అది అన్నవరం మెట్ల కన్నా భక్తిని పెంచుతుంది. పట్టుచీరలో ఫొటో కోసం నున్నటి అడుగుల చెప్పులు వేసుకుని ఎక్కిన నేను సగం దూరం నడిచి, సగం దూరం కూర్చునే దిగాను. రబ్బరు అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. దాని ఎదుటనే 2020లో తెరిచిన డైక్‌మాన్ గ్రంథాలయం ఉంది. వెచ్చదనం, మెత్తని కుర్చీలు, శుభ్రమైన మరుగుదొడ్లు అన్నీ ఉచితం, ఆదివారం కూడా తెరిచి ఉంటుంది. స్టేషన్‌లో మరుగుదొడ్డికి కూడా డబ్బు తీసుకునే ఊరిలో దీని విలువ వర్ణించలేము. కాళ్లు నొప్పులు పుట్టినప్పుడు కాఫీ దుకాణంలోకి కాక గ్రంథాలయంలోకి వెళ్లే దంపతులు రోజుకు కనీసం ఒక కందిపప్పు బస్తాలో నాలుగో వంతు మిగుల్చుకుంటారు.

ఏ కాలంలో వెళ్లాలన్నది కూడా ఖర్చుతో ముడిపడిన ప్రశ్నే. జూన్‌లో తెల్లవారుజామున నాలుగింటికి ముందే తెల్లవారి రాత్రి పదిన్నర దాటాక గాని పొద్దు గూకదు. వెలుతురు ఉన్నంతసేపు తిరుగుతారు, తిరిగినంతసేపు ఆకలి వేస్తుంది, అందుచేత రాత్రి రెండోసారి భోజనానికి కూడా డబ్బు, లేదా పులిహోర, దాచుకోవాలి. కళ్లకు కట్టుకునే గంతలు ఇద్దరికీ వేరువేరుగా పట్టుకెళ్లండి. డిసెంబరులో పగలు సుమారు ఆరు గంటలే, ఆ నెల పదో తేదీన నగర మందిరంలో నోబెల్ శాంతి బహుమతి ప్రదానం జరుగుతుంది. మే 17 వారి జాతీయ దినం. పిల్లల ఊరేగింపులు చూడముచ్చటగా ఉంటాయి కాని ఆ రోజు కూడా దుకాణాలు మూతే, గదులు ముందుగా పట్టుకోకపోతే దొరకవు.

తిరుగు ప్రయాణం ఆదివారం కనుక ఖాళీ సీసాలను శనివారమే యంత్రానికి అప్పగించండి. మేము ఆ పని మరచిపోయాము. నార్వే ధరావతు చెల్లించిన రెండు సీసాలు బెర్లిన్‌లో మా వంటింటి అలమరలో నేటికీ ఉన్నాయి. ఇక్కడి యంత్రం వాటిని తీసుకోదు, మావారు వాటిని పారేయనివ్వరు.